హీట్ గన్ కొనువారికి కొన్ని మాటలు

(సంఘ మందిరమున వృత్తిపనివారి సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పనిముట్టును గూర్చి ఉపన్యాసమేమి యని కొందరికి తోచవచ్చును. కాని నేడు ఈ సభలో కూర్చున్న కుటుంబములలో ఎన్నింటికి మోటారు వర్క్‌షాపులే జీవనాధారమో మనమందరమును ఎరుగుదుము. తరతరములుగా తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనవారిలో భూమిని విడిచి యంత్రమును నమ్ముకొన్నవారు తక్కువ కాదు. 1893లో కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు, 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని ఊళ్ల నడుమ రవాణా ప్రారంభించి, పిదప పెద్ద మోటారు సంస్థను నెలకొల్పిన సంగతి మనలో అనేకులకు తెలిసినదే. అంతటి పేరు రాకపోయినను, లారీలకు బాడీ కట్టుచు, బస్సులకు వైరింగు చేయుచు, కార్లకు రంగు వేయుచు, మోటారు సైకిళ్లను బాగుచేయుచు సంసారములను ఈదుకొనివచ్చుచున్నవారు హోసూరు మొదలుకొని బరంపురము వరకు మనవారిలో కలరు.

వీరి షెడ్డులలో నేడు హీట్ గన్ అను పనిముట్టు తరచుగా కనిపించుచున్నది. దీనిని వేడిగాలి తుపాకి యని తెనిగించినచో వినువారు నవ్వుదురు గాని, అది చేయు పని ఆ పేరునకు తగినదే. ఇది చౌకగా దొరకుచున్నది. వాడుట సులువుగా కనిపించుచున్నది. ఆ రెండు గుణములే దీనియెడ మనలను అజాగ్రత్తపాలు చేయుచున్నవి. మంట కనబడని నిప్పు ఇది. తగినది కొనక చెడగొట్టుకొన్న బంపరు విలువ కొన్ని వేల రూపాయలు. తగనిచోట ప్రయోగించి కాల్చుకొన్న షెడ్డు విలువ ఒక కుటుంబము యొక్క భుక్తి. కావుననే ఏది కొనవలెను, ఎట్లు కొనవలెను, ఎచ్చట వాడరాదు అను విషయములను మాకు తెలిసినంతవరకు మనవి చేయుచున్నాము.

మొదట ఈ వస్తువు నిర్మాణమును చూతము. పిడి గల గొట్టములో వెనుకవైపు ఒక చిన్న మోటారు, దానికొక పంఖా యుండును. ముందువైపు అభ్రకము మీదనో పింగాణి మీదనో చుట్టిన నిక్రోము తీగ యుండును. పంఖా గాలిని ఆ తీగ మీదుగా తోయగా, గాలి వేడెక్కి నాజిల్ ద్వారా వెలువడును. తల ఆరబెట్టుకొను డ్రయ్యరు కూడ ఇట్టిదే గదా యని అడుగవచ్చును. నిర్మాణ మొకటే యైనను, ఆ డ్రయ్యరు గాలి మనుష్యుని చర్మము ఓర్చుకొనదగినది. హీట్ గన్ గాలి 500, 600 డిగ్రీల వరకు పోగలదు. ఈ ప్రసంగమున డిగ్రీలన్నియు సెల్సియస్ లెక్కలోనివే యని గ్రహింపుడు. పూర్వము బ్లో ల్యాంపు మంటతో చేసిన పనులలో పెక్కింటిని నేడు దీనితో చేయవచ్చును. మంట మసిని మిగుల్చును, ఒకచోటనే మాడ్చును. వేడిగాలి అదుపులో నుండును. అదుపు అనునదే దీని సారము. అదుపు లేని హీట్ గన్ కొనుట కంటె పాత బ్లో ల్యాంపును ఉంచుకొనుటయే మేలు. మంటకైన మనము భయపడుదుము.

కొనువారు దుకాణమునకు పోయి మొదట అడుగు ప్రశ్న “ఎన్ని వాట్లు?” అని. అది రెండవ ప్రశ్న కావలెను. మొదటి ప్రశ్న “నా పని ఏమి?” అని తన్ను తాను అడుగుకొనవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? మన వర్క్‌షాపులలో జరుగు పనులను, వానికి కావలసిన వేడిని వరుసగా చెప్పెదము.

వైరింగు చేయువారు తీగల అతుకుల మీద తొడుగు ష్రింక్ స్లీవు సాధారణముగా 90 డిగ్రీల నుండి 120 డిగ్రీల లోపున ముడుచుకొనును. అగ్గిపుల్లతోనో లైటరుతోనో దీనిని ముడుచు అలవాటు మనలో చాలమందికి కలదు. ఒకవైపు మాడి, మరియొకవైపు వదులుగా మిగిలిన స్లీవులోనికి వానకాలమున నీరు చేరి, రాగి పచ్చబారి, లైట్లు ఆరిపోవును. అన్నివైపుల సమముగా వేడి తగిలినపుడే స్లీవు బిగియును. లోపల జిగురు పూసిన స్లీవైనచో ఆ జిగురు కరగి అంచున కనిపించువరకు వేడి చేయవలెను.

కార్లకు, ఆటోలకు స్టిక్కరు ఫిల్ము అంటించువారికి ఇంకను మృదువైన వేడి చాలును. వంపుల మీద ఫిల్మును సాగదీయుటకు 50, 60 డిగ్రీలు. అంటించిన పిదప లోతులలో అది తిరిగి లేవకుండుటకు ఆ ఫిల్ము ఉపరితలము సుమారు 90 నుండి 100 డిగ్రీలకు వచ్చునట్లు కాచవలెను. పాత స్టిక్కరు ఊడదీయుటకును మెల్లని వేడియే మందు. జిగురు మెత్తబడగానే మూలను పట్టుకొని నిదానముగా లాగవలెను.

బేరింగులు ఎక్కించువారి సంగతి వేరు. ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 12 వంతులు సాగును. 50 మిల్లీమీటర్ల రంధ్రము గల బేరింగును 80 డిగ్రీలు అదనముగా వేడి చేసినచో ఆ రంధ్రము మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు పెరుగును. సుత్తి దెబ్బ లేకయే షాఫ్టు మీద జారి కూర్చుండుటకు తరచుగా అంత చాలును. కాని బేరింగును 120 డిగ్రీలు దాటనీయరాదు; దాటినచో ఉక్కు గట్టిదనము చెడు ప్రమాదము కలదు. ఇరువైపుల సీలు వేసి గ్రీజు నింపిన బేరింగునకు 80 డిగ్రీలే హద్దు. అల్యూమినియము ఉక్కునకు దాదాపు రెండింతలు సాగును గనుక, ఇంజను కేసులో ఇరుక్కొన్న బేరింగును తీయుటకు బేరింగును గాక చుట్టునున్న కేసును వేడిచేయుట ఉపాయము.

ప్లాస్టిక్కు బంపర్లు బాగుచేయువారు మొదట బంపరు లోపలివైపు అచ్చువేసిన గుర్తు చదువవలెను. పీపీ, అనగా పాలీప్రొపిలీను, సుమారు 160 డిగ్రీల వద్ద కరగును. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటగానే మెత్తబడ నారంభించును. నొక్కుకుపోయిన బంపరును తిరిగి పొంగించుటకును, పగిలినదానిని ప్లాస్టిక్కు కడ్డీతో అతుకుటకును వేరువేరు వేడులు కావలెను. అతుకునపుడు సన్నని నాజిల్ తప్పదు.

తలుపులు, లారీ బాడీల పాతరంగు మెత్తబరచి గీకుటకు మాత్రము నాజిల్ వద్ద 300 నుండి 500 డిగ్రీల గాలి అవసరము. తుప్పుపట్టిన నట్టును కదల్చుటకును ఎక్కువ వేడియే కావలెను. అయితే పెద్ద లారీ చక్రపు నట్టు వంటి దానికి హీట్ గన్ వేడి చాలదు. ఇనుము ఆ వేడిని వెంటనే చుట్టునకు పంచివేయును. చిన్న నట్లకు, జిగురు వేసి బిగించిన మరలకు ఇది చక్కగా పనిచేయును.

ఈ పట్టికను విన్నపిదప వేడిని తగ్గించి పెంచు ఏర్పాటు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. బజారులో మూడు తరగతులు కలవు. మొదటిది రెండు మెట్ల స్విచ్చి గలది. అది సాధారణముగా 300, 500 డిగ్రీల దరిదాపున రెండు వేడులను మాత్రమే ఇచ్చును. రంగు గీకువారికి ఇది చాలును. రెండవది చక్రము త్రిప్పి వేడిని 50 డిగ్రీల నుండి 600 వరకు కావలసినంత పెట్టుకొనదగినది. మూడవది అంకెలు చూపు తెరతో, వేడిని తానే కొలిచి నిలుపునది. వైరింగు, స్టిక్కరు, ప్లాస్టిక్కు పనులు చేయువారు రెండవ తరగతికి తక్కువైనది కొనరాదు. గాలి వేగమును కూడ వేరుగా మార్చు వీలున్నచో ఇంకను మంచిది. చిన్న స్లీవులను, పలుచని ఫిల్మును బలమైన గాలి కదల్చివేయును.

ఇచ్చట ఒక హెచ్చరిక. తెర మీది అంకె నాజిల్ మూతివద్దనున్న గాలి వేడిమియే గాని, మన పనివస్తువు వేడిమి కాదు. నాలుగు అంగుళములు దూరము జరిపినచో వేడి చాల తగ్గును. దగ్గరకు తెచ్చి నిలిపినచో అంతయు తగులును. బేరింగులు, ఫిల్ములు వంటి పనులలో వస్తువు వేడిని దూరమునుండి చూపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరొకటి దగ్గర నుంచుకొనుట మేలు. మెరయు లోహము మీద అది తప్పు చూపును గనుక నల్లని టేపుముక్క అంటించి దాని మీద కొలువవలెను.

ఇక వాట్ల విషయము. వాట్లు, గాలి పరిమాణము, వేడి, ఈ మూడును ఒకదానికొకటి కట్టుబడియున్నవి. అదే విద్యుచ్ఛక్తితో గాలిని ఎక్కువగా తోసినచో వేడి తగ్గును. వేడి పెంచవలెనన్న గాలి తగ్గవలెను. 1800 వాట్లతో గది గాలిని 600 డిగ్రీలకు తేవలెనన్న నిమిషమునకు సుమారు 150 లీటర్ల గాలిని మాత్రమే కాచగలము. ఆ గాలి వేడెక్కి దాదాపు మూడింతలగును గనుక మూతివద్ద అది 440 లీటర్ల వరకు తూగును. డబ్బా మీద 500 లీటర్లు, 600 డిగ్రీలు అని పక్కపక్కనే అచ్చువేసియున్నచో, అది వేడిగాలి లెక్కయా, రెండును ఒకేమారు దొరకునా అని దుకాణదారుని అడుగుడు. ఒక్కొక్క మెట్టుమీద ఎంత గాలి, ఎంత వేడి యని విడివిడిగా చెప్పిన తయారీదారుని మాట నమ్మదగినది. బాష్, మకిటా, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ వంటి పేరుగల సంస్థల పనిముట్లతోపాటు పేరులేనివి అనేకము దొరకుచున్నవి. పేరును బట్టి గాక, ఈ వివరములను బట్టి చూడవలెనని మా మనవి.

విద్యుత్తు సరఫరా సంగతి మనలో చాలమంది ఉపేక్షించుచున్నారు. 230 వోల్టుల వద్ద 2000 వాట్ల హీట్ గన్ సుమారు 8.7 ఆంపియర్లు లాగును. 1500 వాట్లది సైతము 6.5 ఆంపియర్లు లాగును. ఇంటిలోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు మాత్రమే. దానికి తగిలించి గంటలకొలది పనిచేసినచో మొదట ప్లగ్గు వేడెక్కును, పిదప సాకెట్టు కరగును. కావున 16 ఆంపియర్ల సాకెట్టునే వాడుడు. పొడుగు తీగ అవసరమైనచో 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ కావలెను; దానిని చుట్టగానుంచి వాడక పూర్తిగా విప్పి వాడవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగు రక్షణ స్విచ్చి షెడ్డులో పెట్టించుకొనుట ప్రాణరక్షణ.

వోల్టేజి తగ్గినపుడు హీట్ గన్ నీరసించుట మీరు గమనించియుందురు. వోల్టేజి 200కు పడినచో 2000 వాట్ల వస్తువు సుమారు 1500 వాట్లే ఇచ్చును. అట్టి ఊళ్లలో కొంచెము ఎక్కువ వాట్లది కొనుట న్యాయమే. అమెరికాలోని బంధువులు పంపినది లేక తెచ్చినది వాడుదమనుకొనువారు మాత్రము దాని అడుగునున్న చీటీ చదువవలెను. అక్కడి 120 వోల్టుల హీట్ గన్‌ను ఇక్కడి 230 వోల్టులకు తగిలించినచో తీగ మీద మూడున్నర రెట్లకు మించిన శక్తి పడి క్షణములలో మాడిపోవును. తగిన ట్రాన్స్‌ఫార్మరు కొను ఖర్చుతో ఇక్కడనే మంచిది కొనవచ్చును.

బ్యాటరీతో నడచునవి కూడ నేడు వచ్చినవి. 18 వోల్టుల, 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో నున్నది 90 వాట్ గంటలు. దానితో 1500 వాట్లు నడపినచో నాలుగు నిమిషములైనను రాదు. అందుచేతనే ఇవి తక్కువ శక్తితో నడచును. దారిలో ఆగిన బండి వైరింగు సరిచేయుటకు ఇవి వరమే; రంగు గీకుటకు పనికిరావు.

దుకాణమున చేతికి తీసుకొన్నపుడు కొన్ని పరీక్షలు చేయుడు. బరువు పిడి మీద సమముగా పడుచున్నదా? నాజిల్ పైకి చూచునట్లు బల్లమీద నిలబెట్టినచో పడక నిలుచుచున్నదా? రెండు చేతులు పనిలో నుండగా అది తానే నిలుచుట చాల అవసరము. వేడి లేని చల్లగాలి మెట్టు ఉన్నదా? పని ముగియగానే ఒకటి రెండు నిమిషములు చల్లగాలి పోనిచ్చి పిదప ఆపినచో లోపలి తీగ చాలకాలము మన్నును. వేడి మితిమీరినపుడు తానే ఆగు ఏర్పాటున్నదా? చదరములో చదరము గుర్తు, అనగా రెండింతల ఇన్సులేషన్ గుర్తు, లేక భూమి తీగ గల మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నదా? నాజిళ్లలో సన్నమూతిది, వెడల్పు మూతిది, స్లీవు వెనుకనుండి గాలిని తిరిగి త్రిప్పు గరిటె వంటిది, అద్దమునకు వేడి తగలనీయక అడ్డుపడునది, ఈ నాలుగును దొరకునా? అన్నిటికంటె ముఖ్యముగా, తీగచుట్ట, మోటారు బ్రష్షులు విడిగా దొరకునా, మీ ఊరిలో బాగుచేయువారున్నారా? వేయి రూపాయలకు కొని ఆరునెలలకు పారవేయు వస్తువు, నాలుగు వేలకు కొని ఏండ్లతరబడి వాడు వస్తువు కంటె చౌక కాదు.

ఇక ఈ సభ ఏర్పాటుచేయుటకు అసలు కారణమైన విషయమునకు వచ్చుచున్నాము. పెట్రోలు ఆవిరి సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము నిప్పునకు అందుకొనునంతగా పుట్టును. అది గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి గోతిలో నిలుచును. హీట్ గన్ లోపలి తీగ ఎఱ్ఱగా కాలుచుండును; మోటారు బ్రష్షుల వద్ద నిప్పురవ్వ పుట్టును. కావున కార్బురేటరు విప్పిన బండి వద్ద, ట్యాంకు దింపిన చోట, థిన్నరు డబ్బా మూత తీసిన గదిలో దీనిని వెలిగింపరాదు. ఎల్‌పీజీ కూడ నేలపట్టియుండును. సీఎన్‌జీ తేలికయై పైకప్పు క్రింద చేరును. ఛార్జి అగుచున్న మామూలు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. నేటి విద్యుత్ స్కూటర్లలోని లిథియము బ్యాటరీని, ఆ వాహనములలోని నారింజరంగు తీగలను వేడి చేయనే రాదు. స్టీరింగు నడుమనున్న ఎయిర్‌బ్యాగు వద్దకును ఈ గాలిని పోనీయరాదు. చల్లని ముందద్దము మీద ఒకేచోట వేడి తగిలినచో అది పగులును.

రంగు గీకువారికి వేరొక శత్రువు కలదు. అది సీసము. మన దేశమున ఇండ్లకు, అలంకారమునకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు దాటరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు తలుపుల రంగులలో సీసముండవచ్చును. ఆ నియమము ఇంటిరంగులకే గాని వాహనముల రంగులకు చేసినది కాదు. పాత లారీల పసుపు, నారింజ, ఎఱుపు రంగులను అనుమానించుటయే మేలు. అమెరికా నియమములు సీసపు రంగు మీద సుమారు 593 డిగ్రీలు దాటిన హీట్ గన్ వాడుటను నిషేధించినవి; అంతటి వేడివద్ద సీసము పొగయై ఊపిరిలో చేరును. రంగు బుడగలెత్తి మెత్తబడవలెనే గాని పొగ రారాదు. పొగ వచ్చినదనిన వేడి ఎక్కువైనదని అర్థము. తలుపులు తెరచి, తగిన ముసుగు ధరించి పని చేయుడు. గీకిన పెచ్చులను గోనెపట్టా మీద పోగుచేసి మూటగట్టుడు. పని బట్టలతో ఇంటికి పోయి పసిబిడ్డను ఎత్తుకొనరాదు. సీసము మొట్టమొదట దెబ్బకొట్టునది బిడ్డల మెదడును. పోయిన బుద్ధిబలము ఏ మందుచేతను తిరిగిరాదు. గర్భిణులను ఆ చోటికి రానీయరాదు.

చెక్కచట్రము గల లారీ క్యాబిన్ల విషయమున మరియొక జాగ్రత్త. రంగు వెనుక చెక్క లోలోపల రాజుకొని, మనము తాళము వేసి పోయిన పిదప మండవచ్చును. పని ముగిసిన తరువాత అరగంటయైనను ఆగి చూచి, చేతితో తాకి, పిదప షెడ్డు మూయుడు. నూనె గుడ్డలను దూరముగా నుంచుడు. ఇసుక బక్కెట్టును, మంటలార్పు సిలిండరును దగ్గరగా నుంచుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వలన ప్రయోజనము లేదు.

చెప్పినదానిని క్లుప్తపరచెదము. వైరింగు, స్టిక్కరు, ప్లాస్టిక్కు పనులకు వేడిని క్రమముగా మార్చదగిన 1500 నుండి 1800 వాట్లది చాలును. రంగు గీకువారు, పలు పనులు కలిసిన వర్క్‌షాపువారు 2000 వాట్లది, వేడి గాలి రెండును విడిగా మార్చదగినది తీసికొనుడు. సంవత్సరమునకు నాలుగుమార్లు మాత్రమే అవసరపడువారు కొననే అక్కరలేదు. ఒకే వీధిలోని ఇద్దరు ముగ్గురు కలిసి మంచిది ఒకటి కొని పంచుకొనవచ్చును. పని నేర్చుకొనుటకు వచ్చిన కుఱ్ఱవాని చేతికి దీనిని ఇచ్చునపుడు, మొదట స్విచ్చి ఎచ్చట నున్నదో గాక, ఎచ్చట వాడరాదో చెప్పి ఇయ్యుడు.

 సందేహములు గలవారు తమ హీట్ గన్‌లను వెంట తెచ్చియున్నచో, వాని అడుగునున్న చీటీలను కలిసి చదువుదము.